తక్కువ ఖర్చులో మాక్రో ఫోటోలు: కెమెరా, లెన్సుల్లో ఏది ముందు కొనాలి?

మాక్రో ఫోటోలు, అంటే చిన్న చిన్న వాటిని బాగా దగ్గర్నుంచి పెద్దగా చూపించే ఫోటోలు, తీయాలనుకునేవాళ్లలో ఎక్కువమంది ముందుగా అడిగేది "ఏ కెమెరా కొనమంటారు?" అని. నన్నడిగితే అది అన్నిటికంటే చివర్న తేల్చుకోవాల్సిన సంగతి. చీమ కన్ను కనపడేలా ఫోటో తీయడంలో బాడీ (లెన్స్ లేకుండా ఉత్త కెమెరా) చేసే పని తక్కువ, లెన్స్ చేసే పని ఎక్కువ, వెలుతురు చేసే పని ఇంకా ఎక్కువ. పదేళ్ల నాటి ఎంట్రీ లెవల్ డీఎస్‌ఎల్‌ఆర్‌కి (లోపల అద్దం ఉండి, లెన్సులు మార్చుకునే కెమెరా) ఒక సెకండ్‌హ్యాండ్ మాక్రో లెన్స్, ఒక మాన్యువల్ ఫ్లాష్, దాని ముందు మంచి డిఫ్యూజర్ (వెలుతుర్ని మెత్తబరిచే తెర) ఉంటే వచ్చే ఫోటో, ఉన్న డబ్బంతా కొత్త బాడీ మీద పెట్టేసి కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్‌తో సరిపెట్టుకున్నవాళ్లకి రాదు. అందుకే ఈ పోలికంతా అదే వరుసలో రాస్తున్నాను: ముందు మీరు తీసేదేంటి, దానికి ఏ లెన్స్, తర్వాత వెలుతురు, ఆఖర్న బాడీ.

## కొనేముందు తేలాల్సినవి

ఎంత పెద్దగా కావాలి? 1:1 అంటే వస్తువు ఎంత ఉందో సెన్సర్ (కెమెరాలో బొమ్మ పడే చిప్) మీద దాని బొమ్మ కూడా అంతే సైజులో పడటం. మామూలు ఎంట్రీ లెవల్ కెమెరాల్లో ఉండే ఏపీఎస్-సీ సెన్సర్ వెడల్పు 22 నుంచి 24 మిల్లీమీటర్లు, కాబట్టి 1:1లో అంత వెడల్పున్న వస్తువు ఫ్రేమ్ మొత్తం నిండిపోతుంది. ఈ లెక్క ఒక్కటి బుర్రలో ఉంటే సగం అయోమయం పోతుంది. రెక్కలు విప్పుకున్న సీతాకోకచిలుక 60 మిల్లీమీటర్లు ఉందనుకోండి, దానికి 1:3 (అసలు సైజులో మూడో వంతు) చాలు, 1:1తో తీస్తే రెక్కలో ఒక ముక్కే వస్తుంది. అదే 6 మిల్లీమీటర్ల గెంతే సాలీడైతే 1:1లో కూడా ఫ్రేమ్ వెడల్పులో నాలుగో వంతే ఆక్రమిస్తుంది, దాని కళ్ల వరస పెద్దగా కనపడాలంటే 2:1 (అసలు సైజుకి రెట్టింపు), ఆ పైనే కావాలి. మామూలు 18-55 కిట్ లెన్సులు చాలావరకు సుమారు 1:3 దాకా వెళ్తాయి. అంటే పూలు, పెద్ద సీతాకోకచిలుకలు తీయడానికి మీ దగ్గరున్న లెన్సే సరిపోవచ్చు, ఏమీ కొనకముందు దాన్ని 55 దగ్గర పెట్టి ఎంత దగ్గరికి పోతుందో చూడండి.

ఎంత దూరం నుంచి తీయొచ్చు? లెన్స్ వివరాల్లో కనిపించే మినిమమ్ ఫోకస్ దూరం సెన్సర్ నుంచి కొలిచింది. మనకి కావాల్సింది లెన్స్ మూతికీ పురుగుకీ మధ్య మిగిలే జాగా, దాన్నే వర్కింగ్ డిస్టెన్స్ అంటారు. 30 సెంటీమీటర్లు అని రాసి ఉన్న 100 ఎంఎం లెన్సుకి నిజంగా మిగిలేది దాదాపు 15 సెంటీమీటర్లే, మిగతా సగం లెన్స్ పొడవుకీ బాడీ లోపలి దూరానికీ పోతుంది. జాగా తక్కువైతే రెండు ఇబ్బందులు: పురుగు ఎగిరిపోతుంది, లెన్స్ నీడ దాని మీద పడుతుంది.

వెలుతురు ఎక్కడి నుంచి? 1:1 దగ్గర లెన్స్ మీద అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ నంబర్ పెరిగితే అది చిన్నదవుతుంది) ఎఫ్/8 పెట్టినా సెన్సర్‌కి చేరే వెలుతురు దాదాపు ఎఫ్/16కి వచ్చేదంతే. రెండు స్టాపులు, అంటే వెలుతురులో ముప్పావు వంతు, గాలికి పోతాయి. నికాన్ బాడీల మీద వాళ్ల మైక్రో లెన్సులు (మాక్రోకి నికాన్ పెట్టుకున్న పేరు) పెడితే, దగ్గరికి ఫోకస్ చేస్తున్నకొద్దీ ఎఫ్ నంబర్ దానంతటదే పెరుగుతూ కనిపిస్తుంది, లెన్స్ పాడైందని కంగారుపడకండి, కెమెరా మీకు అసలు లెక్క చూపిస్తోందంతే. ఇంత చేసినా ఫోకస్‌లో ఉండే మందం ఎంతో తెలుసా? ఏపీఎస్-సీలో 1:1, ఎఫ్/8 దగ్గర సుమారు 0.6 మిల్లీమీటర్లు. చీమ కన్ను షార్ప్‌గా ఉంటే దాని మీసాల చివర్లు అప్పటికే మసకబారిపోతాయి. అపర్చర్ ఇంకా మూద్దామంటే, ఎఫ్/16 దాటాక డిఫ్రాక్షన్ (సన్నటి రంధ్రంలో వెలుతురు చెదిరిపోవడం) వల్ల ఫోటో మొత్తం మెత్తబడిపోతుంది.

ఆటోఫోకస్ సంగతి ఈ లిస్టులో కావాలనే పెట్టలేదు. 1:1 దగ్గర ఫోకస్ రింగ్ ఒకచోట ఆపేసి, ఒంటిని ముందుకీ వెనక్కీ వెంట్రుకవాసి కదుపుతూ కన్ను షార్ప్ అయిన క్షణంలో నొక్కడమే ఎక్కువమంది చేసేది. అందుకే ఆటోఫోకస్ లేని లెన్సులు కూడా ఇక్కడ పనికొస్తాయి, ఖర్చు తగ్గేది చాలావరకు అక్కడే.

## ఫోన్, కాంపాక్ట్

ఇప్పటి ఫోన్లలో అల్ట్రావైడ్ కెమెరాతో పనిచేసే మాక్రో మోడ్ ఉంటే పూలకీ ఆకులకీ బాగానే ఉంటుంది. కాకపోతే ఫోన్‌ని రెండు మూడు సెంటీమీటర్ల దగ్గరికి తీసుకెళ్లాలి. విడిగా 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరా ఉందని చెప్పే ఫోన్లని మాత్రం ఆ కారణంతో కొనొద్దు, మెయిన్ కెమెరాతో కొంచెం దూరం నుంచి తీసి క్రాప్ చేసినా దానికంటే బాగుంటుంది.

కాంపాక్ట్‌లలో ఒలింపస్ టఫ్ టీజీ వరస (టీజీ-5, టీజీ-6, తర్వాత ఓఎం సిస్టమ్ పేరుతో వచ్చిన టీజీ-7) నిజంగా వేరే దారి. మైక్రోస్కోప్ మోడ్‌లో లెన్స్‌కి 1 సెంటీమీటరు దూరంలో ఉన్నదాన్ని కూడా ఫోకస్ చేస్తుంది, కొన్ని షాట్లు తీసి కెమెరాలోనే కలిపేస్తుంది, నీళ్లలో తడిసినా ఫర్వాలేదు. సెన్సర్ చిన్నది కాబట్టి వెలుతురు తగ్గగానే గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు గరుకు) వచ్చేస్తుంది, పెద్ద ప్రింట్లకి పనికిరాదు. లెన్సులు మార్చే ఓపిక లేదు, జేబులో పట్టాలి అనుకునేవాళ్లకి ఇంతకంటే తేలికైన దారి నాకు తెలియదు.

## ఉన్న లెన్స్‌నే మాక్రోగా మార్చడం

ఇక్కడే తక్కువ ఖర్చుతో ఎక్కువ వచ్చేది, ఇక్కడే ఎక్కువమంది తప్పు కాంబినేషన్ కొనేది కూడా. మూడు దారులున్నాయి, మొదటి రెంటి లెక్కలు ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం.

ఎక్స్‌టెన్షన్ ట్యూబులు లోపల గాజు లేని ఖాళీ గొట్టాలు. లెన్స్‌ని సెన్సర్ నుంచి దూరం జరుపుతాయి. ట్యూబ్ పొడవుని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ పేరులో ఉండే ఎంఎం అంకె) భాగిస్తే అదనంగా వచ్చే మాగ్నిఫికేషన్ తెలుస్తుంది. 50 ఎంఎం లెన్స్‌కి 36 ఎంఎం ట్యూబ్ పెడితే 0.72 రెట్లు, లెన్స్ సొంతంగా ఇచ్చేది కలుపుకుంటే 1:1కి దగ్గర. అదే ట్యూబ్ 300 ఎంఎం లెన్స్‌కి పెడితే 0.12, అంటే దాదాపు ఏమీ లేనట్టే. కాబట్టి ట్యూబులు పొట్టి లెన్సులకి. కొనేటప్పుడు ఎలక్ట్రికల్ కాంటాక్టులు ఉన్నవే తీసుకోండి. కాంటాక్టుల్లేని చవక రకంతో ఇప్పటి లెన్సుల్లో చాలావాటి అపర్చర్ మార్చడం కుదరదు.

క్లోజప్ లెన్స్ దీనికి తిరగబడిన కేసు. ఇది లెన్స్ ముందు తగిలించే గాజు, లెన్స్ ఎంత పొడవైతే అంత బాగా పనిచేస్తుంది. రేనాక్స్ డీసీఆర్-250 ఇందులో అందరికీ తెలిసిన పేరు: పవర్ +8 డయాప్టర్లు, అంటే ఫోకల్ లెంగ్త్ 125 ఎంఎం, 52 నుంచి 67 ఎంఎం ఫిల్టర్ థ్రెడ్ ఉన్న లెన్సులకి క్లిప్‌లా పట్టుకుంటుంది. 55-250 లాంటి జూమ్‌ని ఇన్ఫినిటీ (అతి దూరం) దగ్గర ఫోకస్ చేసి దీన్ని పెడితే, 250 దగ్గర 2:1, 125 దగ్గర 1:1 వస్తుంది. ఇందులో నాకు బాగా నచ్చేది ఒకటుంది: జూమ్ తిప్పుతుంటే మాగ్నిఫికేషన్ మారుతుంది గానీ వర్కింగ్ డిస్టెన్స్ మారదు, 11, 12 సెంటీమీటర్ల దగ్గరే ఉంటుంది. పురుగుని కదపకుండా, మీరు కదలకుండా దాని ఒళ్లంతా తీసి, వెంటనే మొహం ఒక్కటే తీయొచ్చు. ఇబ్బంది ఏంటంటే ఆ 12 సెంటీమీటర్లకి అటూ ఇటూ ఫోకస్ పెద్దగా దొరకదు, పక్కనే సీతాకోకచిలుక వాలితే దీన్ని ఊడదీయాల్సిందే. ఇంత పవర్ మరీ ఎక్కువనిపిస్తే +4.8 డయాప్టర్ల డీసీఆర్-150 ఉంది, దూరం ఎక్కువ ఉంటుంది, మాగ్నిఫికేషన్ తగ్గుతుంది.

+1, +2, +4, +10 అని సెట్‌గా అమ్మే ఒంటి గాజు ఫిల్టర్లు చూడటానికి ఇలాగే ఉంటాయి కానీ +10తో అంచుల్లో ఊదా, ఆకుపచ్చ రంగులు పొంగుతాయి. అక్రోమాటిక్ (ఇలా రంగులు పొంగకుండా చేసినవి) అని ఉన్నవే కొనండి.

మూడోది రివర్స్ రింగ్, అన్నిటికంటే చవక. లెన్స్‌ని వెనక్కి తిప్పి బిగించడం. 28 ఎంఎం పాత లెన్స్‌ని తిప్పితే సుమారు 2:1 వచ్చేస్తుంది. 18-55ని తిప్పితే 18 వైపు ఎక్కువ, 55 వైపు తక్కువ. అపర్చర్ రింగ్ ఉన్న పాత మాన్యువల్ లెన్స్‌తో చేయడం సుఖం. క్యానన్ ఈఎఫ్ లెన్సులైతే ముందు మామూలుగా తగిలించి, ఎఫ్/8 పెట్టి, డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ బటన్ నొక్కి పట్టుకుని లెన్స్ ఊడదీస్తే అపర్చర్ బ్లేడ్లు అక్కడే ఆగిపోతాయి. నికాన్ జీ లెన్సులు (అపర్చర్ రింగ్ లేని రకం) ఊడదీయగానే పూర్తిగా మూసుకుంటాయి, వెనకున్న చిన్న మీటని ఏదో ఒకటి అడ్డుపెట్టి నిలపాలి. జాగా నాలుగైదు సెంటీమీటర్లే, లెన్స్ వెనక గాజు బయటికి వచ్చేస్తుంది, దుమ్ములో జాగ్రత్త. మాక్రో నాకు అసలు నచ్చుతుందో లేదో చూసుకోవాలి అనుకునేవాళ్లకి దీనితో మొదలుపెట్టమంటాను.

## అసలు మాక్రో లెన్సులు

కొంచెం డబ్బు పెట్టగలిగితే చిక్కంతా పోయేది ఇక్కడ. ఇన్ఫినిటీ నుంచి 1:1 దాకా ఏదీ తగిలించకుండా, ఊడదీయకుండా తీయొచ్చు. ఒక్కమాటలో, ఏ బ్రాండ్ అన్నదానికంటే ఏ ఫోకల్ లెంగ్త్ అన్నది ముఖ్యం. మాక్రో లెన్సుల్లో షార్ప్‌నెస్ తక్కువైనవి అరుదు, పాతికేళ్ల నాటివి కూడా ఇప్పటికీ బాగుంటాయి.

30, 40 ఎంఎం రకం (సోనీ ఈ 30 ఎంఎం, నికాన్ డీఎక్స్ 40 ఎంఎం, టీటీఆర్టిసాన్ మాన్యువల్ 40 ఎంఎం) చిన్నవి, చవక. కానీ 1:1 దగ్గర లెన్స్ ముందు మిగిలేది రెండు నుంచి నాలుగు సెంటీమీటర్లు. నాణేలు, స్టాంపులు, పూలకి ఓకే. పురుగులు తీయాలనుకుంటే చవకగా వస్తోంది కదా అని వీటికి పోవద్దు, ఈ మాట గట్టిగా చెప్తున్నాను.

60 ఎంఎం రకం మధ్యేమార్గం. క్యానన్ ఈఎఫ్-ఎస్ 60 ఎంఎం, మైక్రో ఫోర్ థర్డ్స్‌లో (ఏపీఎస్-సీ కంటే చిన్న సెన్సర్ ఉండే కెమెరాలు) ఒలింపస్ 60 ఎంఎం, ఆటోఫోకస్ లేని 7ఆర్టిసాన్స్ 60 ఎంఎం. ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్ల జాగా ఉంటుంది. ఒలింపస్ 60ని ప్రత్యేకంగా చూడండి: చేతిలో పట్టేంత లెన్స్, పైగా మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సర్ వెడల్పు 17.3 మిల్లీమీటర్లే కాబట్టి 1:1లో పురుగు ఫ్రేమ్‌లో ఇంకా పెద్దగా కనిపిస్తుంది. ఎక్కువ మాగ్నిఫికేషనే మీ ధ్యేయమైతే లావోవా 65 ఎంఎం ఉంది, మాన్యువల్ లెన్స్, ఏపీఎస్-సీ మిర్రర్‌లెస్‌లకి (లోపల అద్దం లేని కెమెరాలు) నేరుగా 2:1 ఇస్తుంది.

90 నుంచి 105 ఎంఎం రకం (ట్యామ్రాన్ 90 ఎంఎం ఎఫ్/2.8, టోకినా 100 ఎంఎం, క్యానన్ ఈఎఫ్ 100 ఎంఎం యూఎస్‌ఎం, నికాన్ 105 ఎంఎం) పురుగుల కోసం నేను ముందు చెప్పేది. 10 నుంచి 15 సెంటీమీటర్ల జాగా, వెనక బ్యాక్‌గ్రౌండ్ చక్కగా కరిగిపోతుంది. కొత్తవి ఖరీదే, కానీ పాత ట్యామ్రాన్ 90, ఎల్ అక్షరం లేని క్యానన్ 100 సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే వదలొద్దు. స్టెబిలైజేషన్ లేదని బాధపడకండి, 1:1 దగ్గర అది ఎలాగూ బాగా బలహీనపడిపోతుంది, మీ చేతి వణుకుని ఆపేది ఫ్లాష్.

జూమ్ మీద "మాక్రో" అని రాసి ఉంటే 1:1 అనుకోవద్దు. అలాగని అవి పనికిరానివని కాదు: ట్యామ్రాన్ 70-300 డీఐ మాక్రోలో 180 నుంచి 300 మధ్య 1:2 వస్తుంది, అదీ సెన్సర్ నుంచి 95 సెంటీమీటర్ల దూరంలో. తూనీగలకి ఇంత చవకలో ఇంత దూరం ఇంకెక్కడా దొరకదు.

| ఏది | ఎంత పెద్దగా | మిగిలే జాగా | ఖర్చు | ఎవరికి |
|---|---|---|---|---|
| రివర్స్ రింగ్ | 1:1, ఆ పైన | 4-5 సెం.మీ. | అతి తక్కువ | ప్రయత్నించి చూసేవాళ్లకి |
| 50 ఎంఎం + ట్యూబులు | సుమారు 1:1 | 5-7 సెం.మీ. | తక్కువ | పూలు, కదలని వస్తువులు |
| టెలిజూమ్ + డీసీఆర్-250 | 2:1 దాకా | 11-12 సెం.మీ. | తక్కువ | సాలీళ్లు, చిన్న పురుగులు |
| 70-300 మాక్రో జూమ్ | 1:2 | చాలా ఎక్కువ | తక్కువ | తూనీగలు, సీతాకోకచిలుకలు |
| 30-40 ఎంఎం మాక్రో | 1:1 | 2-4 సెం.మీ. | మధ్యస్థం | నాణేలు, స్టాంపులు |
| 60 ఎంఎం మాక్రో | 1:1 | 8-9 సెం.మీ. | మధ్యస్థం | అన్నీ కొంచెం కొంచెం |
| 90-105 ఎంఎం మాక్రో | 1:1 | 10-15 సెం.మీ. | ఎక్కువ, పాతవి మధ్యస్థం | పురుగులే లోకంగా ఉన్నవాళ్లకి |

## ఫ్లాష్ లేకుండా బడ్జెట్ వేసుకోవద్దు

ఎఫ్/8, ఎఫ్/11 పెట్టి నీడలో ఉన్న సాలీడుని చేత్తో పట్టుకున్న కెమెరాతో తీయాలంటే ఉన్న వెలుతురు చాలదు. ఐఎస్‌ఓ (సెన్సర్ వెలుతురుకి స్పందించే తీరు) పెంచితే గ్రెయిన్, షటర్ తగ్గిస్తే వణుకు. ఫ్లాష్ పెడితే షటర్ 1/200, ఎఫ్/8, ఐఎస్‌ఓ 200 దగ్గర పెట్టి, ఫ్లాష్‌ని 1/16 పవర్‌లో వదిలితే అది వెలిగేది సెకనులో కొన్ని వేల వంతు సేపే, ఆ కాస్త సేపట్లో మీ వణుకూ పురుగు కదలికా రెండూ ఆగిపోతాయి. టీటీఎల్ (ఫ్లాష్ పవర్‌ని కెమెరాయే లెక్కకట్టే పద్ధతి) అక్కర్లేదు, గోడాక్స్ టీటీ600 లాంటి మాన్యువల్ ఫ్లాష్ చాలు.

ఫ్లాష్ కంటే దాని ముందు పెట్టే డిఫ్యూజర్‌తోనే ఫోటో మారిపోతుంది. గట్టి అట్టని గొట్టంలా వంచి, లోపల అల్యూమినియం ఫాయిల్ అంటించి, చివర్న ట్రేసింగ్ పేపర్ గానీ పల్చటి తెల్ల ఫోమ్ షీట్ గానీ పెట్టండి. ఆ తెల్ల షీట్ లెన్స్ మూతి దాకా ముందుకి రావాలి, పురుగు మీద గొడుగులా కొంచెం వంగాలి. అది ఎంత పెద్దగా, ఎంత దగ్గరగా ఉంటే పేడపురుగు వీపు మీద మెరుపు అంత మెత్తగా పరుచుకుంటుంది, లేకపోతే ఆ వీపు మీద తెల్లటి చుక్కొకటి కాలిపోయినట్టు కనిపిస్తుంది. రింగ్ ఫ్లాష్ జోలికి పోవద్దనే నా సలహా, ముఖం చదునుగా వస్తుంది, కళ్లలో గుండ్రటి చక్రాలు పడతాయి. చవక ఎల్‌ఈడీ రింగ్ లైట్లు కదలని వస్తువులకే. ఫ్లాష్‌తో వెనకంతా నల్లగా వస్తోందా? పురుగు వెనక ఒక ఆకు ఉండేలా కోణం మార్చుకోండి, పోతుంది.

## ఆఖర్న బాడీ

మీ దగ్గర ఇప్పటికే ఏ బ్రాండ్ బాడీ ఉంటే దాంతోనే ఉండండి. కొత్తగా కొనేవాళ్లు 16 నుంచి 24 మెగాపిక్సెళ్లు ఉన్నది ఏదైనా తీసుకోవచ్చు, మూసిన అపర్చర్ల దగ్గర అంతకంటే ఎక్కువ ఉన్నా డిఫ్రాక్షన్ మింగేస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ (ఏపీఎస్-సీ కంటే పెద్ద సెన్సర్) అవసరం లేదు, ఒకే ఫ్రేమింగ్‌కి, ఒకే ఎఫ్ నంబర్‌కి చిన్న సెన్సర్‌లోనే ఫోకస్‌లో ఉండే మందం ఎక్కువ.

పాత డీఎస్‌ఎల్‌ఆర్ చవక, ఆ బ్రాండ్ డీఎస్‌ఎల్‌ఆర్‌లకి సరిపోయే పాత మాక్రో లెన్సులు నేరుగా పడతాయి. ఒకట్రెండు చూసుకోవాలి: నికాన్ డీ3000, డీ5000 వరసల్లో ఫోకస్ మోటార్ లేదు, ఏఎఫ్-డీ లెన్సులు (సొంత మోటార్ లేని పాత రకం) మాన్యువల్‌గానే పనిచేస్తాయి (మాక్రోకి అది పెద్ద లోటు కాదు). క్యానన్ 250డీ హాట్‌షూలో (కెమెరా పైన ఫ్లాష్ తగిలించే చోటు) మధ్య పిన్ తీసేశారు, మామూలు మాన్యువల్ ఫ్లాష్ దాని మీద వెలగదు. చవకలో వస్తోందని కొని తర్వాత తల పట్టుకోవాల్సి వచ్చేది ఇలాంటిచోటే.

మిర్రర్‌లెస్‌లో వ్యూఫైండర్‌లోనే పెద్దది చేసి చూసుకోవచ్చు, ఫోకస్ పీకింగ్ (ఫోకస్‌లో ఉన్న అంచుల్ని రంగుతో చూపించడం) ఉంటుంది, అడాప్టర్‌తో పాత మాన్యువల్ లెన్సులు దాదాపు ఏవైనా పెట్టొచ్చు. మైక్రో-నిక్కార్ 55 ఎంఎం లాంటి పాత లెన్స్ (సొంతంగా 1:2, ట్యూబ్‌తో 1:1) ఇలా అద్భుతంగా పనికొస్తుంది. ఒలింపస్ ఈ-ఎం10 మార్క్ 2 నుంచి ఫోకస్ బ్రాకెటింగ్ కూడా ఉంది: కెమెరా తనే ఫోకస్‌ని కొంచెం కొంచెం జరుపుతూ వరసగా తీసేస్తుంది, వాటిని పికోలే లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కలుపుకుంటే తలనుంచి తోకదాకా షార్ప్‌గా వస్తుంది. పొద్దున్నే చలికి కదలకుండా ఉన్న పురుగులకి, పూలకి ఇది వరం. గాలి వీస్తుంటే మాత్రం పని జరగదు.

## మీరు ఎవరైతే ఏది

ఖర్చు వీలైనంత తగ్గాలి, కెమెరా ఉంది అంటే: టెలిజూమ్ ఉంటే డీసీఆర్-250, లేకపోతే 50 ఎంఎంకి ట్యూబులు. మిగిలింది ఫ్లాష్‌కి.

కెమెరానే లేదు, పురుగులే తీస్తాను అంటే: సెకండ్‌హ్యాండ్ డీఎస్‌ఎల్‌ఆర్‌తో పాత 90 లేదా 100 ఎంఎం మాక్రో. బరువు మోయలేనివాళ్లు, వయసు మీద పడినవాళ్లు ఈ-ఎం10కి ఒలింపస్ 60 తీసుకోండి, గంటలకొద్దీ తిరిగినా మెడ నొప్పెట్టదు.

నాణేలు, నగలు, స్టాంపులు తీసేవాళ్లకి పైన చెప్పిన జాగా గొడవేమీ లేదు. ట్రైపాడ్, కిటికీ పక్క వెలుతురు, ఎదుటివైపు తెల్ల కాగితం, 40 నుంచి 60 ఎంఎం మాక్రో. ఫ్లాష్ డబ్బు ట్రైపాడ్‌కి మళ్లించండి.

పాత లెన్స్ కొనేటప్పుడు టార్చ్ వెనక నుంచి వేసి లోపల ఫంగస్ తీగలు, మసక ఉన్నాయేమో చూడండి. అపర్చర్ బ్లేడ్ల మీద నూనె ఉంటే వదిలేయండి, మైక్రో-నిక్కార్ 55 ఎఫ్/2.8లో ఇది తరచూ కనిపిస్తుంది. ఫోకస్ రింగ్‌ని ఇన్ఫినిటీ నుంచి 1:1 దాకా పూర్తిగా తిప్పండి, మధ్యలో ఎక్కడా బిగుసుకోకూడదు. అన్నీ బాగుండి పైన గీతలు మాత్రమే ఉంటే బేరమాడి తీసుకోండి, లెన్స్ ఒంటి మీద గీతలు ఫోటోలో పడవు.